రోజు కూలిలో క్రిస్మస్ కానుక

డిసెంబరులో కాటారం చుట్టుపక్కల ఏ ఇంట్లో పైసలు ఆడుతున్నాయో, ఏ ఇంట్లో లేవో పత్తిని బట్టి చెప్పొచ్చు. పత్తి అమ్ముడుపోయి డబ్బు ఖాతాలో పడ్డ ఇంట్లో పండుగ ఒక తీరు. పత్తి ఇంకా అర్రలోనే కుప్పగా ఉన్న ఇంట్లో ఇంకో తీరు. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 12 శాతం దాటితే మాత్రం భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనదు. 2025 అక్టోబరు ఆఖరున మొంథా తుపాను వానలు ఉమ్మడి వరంగల్‌ను ముంచెత్తినప్పుడు చెట్టు మీది పత్తి చెట్టు మీదే తడిసింది. తడిసిన పత్తిని రోజుల తరబడి ఎండబోసుకుంటూ కూర్చునే వెసులుబాటు అప్పులున్న రైతుకు ఉండదు. పత్తి తగ్గితే కిలో లెక్కన ఏరే కూలీకి వచ్చేదీ తగ్గుతుంది. భూమి లేని ఇంటికి కొలమానం ఉపాధి హామీ కూలి. 2025-26లో తెలంగాణలో అది రోజుకు 307 రూపాయలు.

ఈ కథనం ఆ 307 రూపాయల గురించే. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఒక్క రోజు కూలి పక్కన పెడితే, క్రిస్మస్‌కు పిల్లలందరికీ మంచి కానుకలు ఇవ్వొచ్చు. అవి ఎండాకాలం సెలవుల దాకా పిల్లల చేతుల్లో ఉండేలా కూడా చూసుకోవచ్చు. అప్పు అక్కర్లేదు. కావాల్సిందల్లా కొంచెం ముందుచూపు, రెండు మూడు సాయంత్రాల ఓపిక.

మంథని, భూపాలపల్లి, కాళేశ్వరం దారులు కలిసే కాటారం 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో మండల కేంద్రం. చుట్టూ ఉన్న పల్లెలకు, అడవి అంచు గూడేలకు దగ్గరి బజారు ఇదే. గోదావరి ఇసుక లారీలు దాటుకుంటూ, పిల్లను చంకనేసుకుని బట్టల దుకాణానికి వచ్చే తల్లులు ఈ నెలంతా కనబడతారు. పల్లె చర్చీల్లో సెమీ క్రిస్మస్‌లు మొదలయ్యాయి. రాత్రిళ్లు యౌవనస్తులు డోలక్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి పాటలు పాడుతున్నారు. పిల్లలు మాత్రం బజారు నుంచి వచ్చిన ప్రతి సంచిలోకీ తొంగి చూసి ఒకటే అడుగుతారు: “అమ్మా, నాకేం తెచ్చినవే?”

మన ఇళ్లలో పండుగ ఖర్చుకు ఒక వరుస ఉంది. మొదట బట్టలు. తర్వాత ఇంటికి సున్నమో రంగో. ఆ తర్వాత చర్చికి చందా, చుట్టాలకు కూర, కేకు. చిట్టచివర, ఇరవై నాలుగో తారీఖు రాత్రి, చేతిలో మిగిలిన చిల్లరతో ఒక బొమ్మ. అప్పటికి బేరమాడే ఓపిక ఉండదు, ఎంచుకునే వ్యవధీ ఉండదు. దుకాణం ముందు మెరుస్తూ కనబడ్డదేదో తెచ్చేస్తారు. చేతిలో ఏమీ మిగలకపోతే పక్కింట్లో బదులు తెచ్చి మరీ కొంటారు. పిల్లల ముందు చిన్నబోవడం ఏ తల్లికీ తండ్రికీ ఇష్టం ఉండదు కదా. ఈ వరుసను తిప్పేయాలన్నది నా మొదటి మాట. పిల్లల కానుక డబ్బు ముందు పక్కన పెట్టండి, అది ఎంత చిన్న మొత్తమైనా సరే. కొత్త బట్ట పండుగ రోజుకు, తర్వాత పెళ్లిళ్లకు. బొమ్మో పుస్తకమో రోజూ కావాలి.

వచ్చే ఏడాదికైతే కుమ్మరి దగ్గర ఒక గల్లగురిగి కొని దసరా నాడే ఇంట్లో పెట్టుకోవచ్చు. వారానికి పది రూపాయలు వేసినా క్రిస్మస్ నాటికి వంద దాకా అవుతుంది. ఆ గురిగిలో పైసలు వేసే పని పిల్లలకే ఇవ్వండి. ఎంత ఉందో, అందులో ఏమొస్తుందో వాళ్లకే తెలుస్తుంది. అప్పుడు అడగడంలోనూ ఒక లెక్క వస్తుంది. ఇంట్లో డబ్బు లేదన్న సంగతి పిల్లల దగ్గర దాచాల్సిన అవసరం నాకెప్పుడూ కనబడలేదు. ఎనిమిదేళ్ల పిల్లకు పత్తి తడిసిన సంగతి తెలుసు, వారం కిస్తీకి వచ్చే మనిషి సంగతీ తెలుసు. చెప్పకపోతేనే వాళ్లు తమ మీద ప్రేమ లేదనుకుంటారు.

మెరిసేదల్లా వద్దు

ముందు ఏం కొనొద్దో చెప్పాలి. నూటయాభై, రెండొందలకు బ్యాటరీతో నడిచే కారు, లైట్లు వెలిగే తుపాకీ, పాట పాడే ఫోను దొరుకుతాయి. చాలావరకు కొత్త సంవత్సరం దాకా కూడా ఉండవు. చక్రం ఊడుతుంది, బ్యాటరీ అయిపోతుంది, కొత్త బ్యాటరీకి డబ్బుండదు. రోజు కూలిలో సగమో, అంతకు పైనో వారం రోజుల్లో చెత్తకుప్పలో పడుతుంది. పోనీ అనుకుందామంటే అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఇలాంటి చౌక బొమ్మల్లో రూపాయి బిళ్లలా ఉండే చిన్న బటన్ బ్యాటరీలు పెడతారు. మూత స్క్రూతో బిగించి ఉండదు, వేలితో లాగితే వచ్చేస్తుంది. పసిపిల్ల దాన్ని మింగి అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోవడం మొదలవుతుంది. మింగినట్టు అనుమానం వస్తే కక్కించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కాటారం నుంచి పెద్దాస్పత్రి ఎంత దూరమో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పసివాళ్లున్న ఇంట్లోకి అలాంటి బొమ్మ రాకపోవడమే మేలు.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ప్లాస్టిక్ బొమ్మ కొనేటప్పుడు అట్టపెట్టె తిప్పి ఆ గుర్తు ఉందేమో చూడండి, లేకపోతే దుకాణదారును అడగండి. పదిమంది అడిగితే వచ్చే ఏడు ఆయనే గుర్తున్న సరుకు తెస్తాడు. నమోదైన చేతివృత్తుల వాళ్లు చేసే బొమ్మలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. మూడేళ్ల లోపు పిల్లకు గోలీలు, చింతగింజలు, ఊదని బుగ్గలు, పూసలు ఏవీ ఇవ్వొద్దు. నోట్లో పట్టేంత చిన్నది ఏదైనా ఆ వయసులో బొమ్మ కాదు.

ఎక్కువ బొమ్మలు లేకపోతే పిల్లలు ఏదో పోగొట్టుకుంటారన్న బెంగ కూడా అక్కర్లేదు. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం వాళ్లు 36 మంది చిన్నపిల్లలతో చేసిన పరిశీలన ఒకటి 2018లో అచ్చయింది. ఒకసారి గదిలో నాలుగే బొమ్మలు పెట్టారు, ఇంకోసారి పదహారు పెట్టారు. నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు ఆడారు, దాన్ని ఎక్కువ రకాలుగా వాడారు. పదహారు ఉన్నప్పుడు ఒకటి వదిలి ఒకటి పట్టుకున్నారు. గిన్నె బోర్లించి డప్పు చేసి, అదే గిన్నెను టోపీ చేసి, అందులోనే ఇసుక వండే మన పిల్లలను చూసినవాళ్లకు ఇది ఆశ్చర్యం కలిగించదు.

అగ్గిపుల్లలు, వాల్వ్ ట్యూబు

ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలకు ఇవ్వదగ్గ కానుకల్లో నా దృష్టిలో మొదటిది ఇదే. ఖర్చు ఇరవై, ముప్పై రూపాయలు. దీని వెనక ఉన్న మనిషి అరవింద్ గుప్తా. కాన్పూర్ ఐఐటీలో చదివిన ఇంజనీరు. 1970ల చివర మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో పల్లె బడుల్లో సైన్సు చెప్పే కార్యక్రమంలో చేరి, బజారులో దొరికే చవక వస్తువులతో, పారేసే వస్తువులతో బొమ్మలు చేయించడం మొదలుపెట్టారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన పుస్తకాలు తెలుగులోనూ ఉన్నాయి.

పని ఇలా ఉంటుంది. సైకిల్ దుకాణంలో ట్యూబుకు వేసే సన్నని రబ్బరు వాల్వ్ ట్యూబు ఒక మూర కొనాలి. వేలి గోరంత ముక్కలుగా కత్తిరించాలి. అగ్గిపుల్లల మందు గీకేసి, కడిగి, ఆరబెట్టాలి. వాడేసిన పుల్లలైతే ఇంకా మంచిది. ఒక ట్యూబు ముక్కలో ఇటు ఒక పుల్ల, అటు ఒక పుల్ల దూర్చితే మోకాలిలా వంగే కీలు తయారవుతుంది. మూడు పుల్లలు, మూడు ముక్కలు కలిపితే ముక్కోణం. నాలుగు కలిపితే చతురస్రం. ఇప్పుడు రెండింటినీ పిల్ల చేతికిచ్చి నొక్కమనండి. చతురస్రం పక్కకు ఒరిగిపోతుంది. ముక్కోణం కదలదు. చతురస్రానికి మధ్యలో ఏటవాలుగా కొంచెం పొడవైన పుల్ల ఒకటి కడితే అదీ నిలబడుతుంది. ట్యూబు ముక్క మధ్యలో తుమ్మముల్లుతో పొడిచి మూడో పుల్ల దూర్చితే గోడలు లేస్తాయి, పైకప్పు వస్తుంది, ఇల్లు తయారవుతుంది.

ఆ పిల్లను మర్నాడు చేనుకు తీసుకెళ్లి, చెల్పూరు కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి కరెంటు మోసుకుపోయే పెద్ద టవర్లను చూపించండి. కింది నుంచి పైదాకా అన్నీ ముక్కోణాలే. టవర్‌కు వాటిని ఎందుకు పెట్టారో ఇక బళ్లో ఎవరూ చెప్పక్కర్లేదు. అగ్గిపెట్టెలో యాభై పుల్లలు, రెండు మూరల ట్యూబు, ఒక చిన్న డబ్బా, పైన రంగు కాగితం. పండుగ నాడు ఇవ్వడానికి ఇది చాలు. ముందు రోజు రాత్రి మీరు ఒక ఇల్లు కట్టి డబ్బా మీద నిలబెడితే ఇంకా బాగుంటుంది.

చెక్కముక్కల నుంచే పెద్ద బొమ్మల కంపెనీ పుట్టిన సంగతి ఇక్కడ గుర్తొస్తుంది. 1932లో డెన్మార్క్‌లోని బిలుండ్ అనే చిన్న ఊళ్లో ఓలె కిర్క్ క్రిస్టియన్సెన్ అనే వడ్రంగికి ఇళ్ల పని దొరకలేదు. ప్రపంచమంతా మాంద్యం. చిన్న చిన్న చెక్కబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. అదే తర్వాత లెగో అయింది. మీ ఊళ్లో వడ్రంగి ఉంటే, టేకు తలుపులు చేయగా మిగిలిన ముక్కలను సమానంగా కోసి, గరుకు కాగితంతో అంచులు రుద్ది ఇమ్మనండి. ముప్పై నలభై ముక్కలు చాలు. మూడేళ్ల పిల్లకు ఇంతకంటే మంచి బొమ్మ బజారులో లేదు. రంగు వేయించకండి. పసివాళ్లు నోట్లో పెట్టుకుంటారు, చౌక రంగుల్లో సీసం ఉండొచ్చు.

ఇంట్లో ఉన్నవే

చింతగింజలు ఏ ఇంట్లో లేవు? వాటితో రెండు కానుకలు చేయొచ్చు. ఒకటి పచ్చీసు. పాత చీర అంచో, కుట్టు దుకాణంలో మిగిలిన ముదురు రంగు గుడ్డో తీసుకుని, దాని మీద తెల్ల దారంతో నాలుగు వైపులా గళ్లు కుట్టాలి. చింతగింజలను బండ మీద ఒకవైపు తెల్లగా తేలేదాకా అరగదీస్తే పాచికలు వచ్చేస్తాయి. గవ్వలుంటే మరీ మంచిది. కాయలకు రంగురంగుల గుండీలు. మడతపెట్టి సంచిలో వేసుకుంటే పత్తి చేను గట్టు మీద కూడా ఆడుకోవచ్చు. తల్లి చేత్తో కుట్టిన పచ్చీసు గుడ్డ పిల్ల పెద్దయ్యాక కూడా పారేయదు. దానితో ఆడాలంటే నలుగురు కూర్చోవాలి కాబట్టి నాయనకూ అందులో పని పడుతుంది. పండుగ రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక ఫోను పక్కన పెట్టి ఒక ఆట ఆడండి, అది కూడా కానుకలో భాగమే.

రెండోది మాస్కు. జనగామకు దగ్గర్లోని చేర్యాల నకాశీ కళాకారుల పటాలు భౌగోళిక గుర్తింపు పొందినవి. వాళ్లు మాస్కులు, బొమ్మలు కూడా చేస్తారు. తరతరాలుగా వాళ్లు కులపురాణాలు చెప్పే కథకులకు బొమ్మల పటాలు గీసి ఇచ్చారు. బొమ్మలకు, మాస్కులకు వాళ్లు వాడేది రంపపు పొట్టు, చింతగింజల ముద్ద. అసలు చేర్యాల మాస్కు చిన్నదైనా ఒకటి కొని ఇవ్వగలిగితే ఒక కళాకారుడి ఇంట్లో కూడా పండుగ జరుగుతుంది. కొనలేకపోతే అదే పద్ధతిలో ఇంట్లో చేసుకోవచ్చు. చింతగింజలు పొట్టు తీసి రాత్రంతా నానబెట్టి, రుబ్బి, నీళ్లు కలిపి జిగురు పట్టేదాకా ఉడికించాలి. రంపపు పొట్టు జల్లించి అందులో కలిపి పిసికితే చపాతీ పిండిలా అవుతుంది. కొబ్బరి చిప్ప వెనకవైపు దాన్ని మెత్తి ముక్కు, చెంపలు, పెదాలు దిద్దాలి. రెండు మూడు రోజులు నీడన ఆరనిచ్చి, సుద్ద పూసి, పైన రంగులు వేయాలి. పిల్లలు పక్కన కూర్చుంటే ముక్కు కొంచెం వంకర వస్తుంది. రానివ్వండి. సండే స్కూలు నాటికలో గొర్రెల కాపరికీ, హేరోదుకూ, గాడిదకూ మాస్కులు కావాలి కదా, అక్కడ ఇవే పెట్టుకుంటారు.

చిన్నపిల్లకు పాత నూలు చీరతో చేసిన గుడ్డబొమ్మ ఇవ్వండి. గుండీ కళ్లు కుట్టకుండా దారంతో కళ్లు కుట్టండి. లోపల పత్తి మన ఊళ్లో కరువేం కాదు. జొన్న వేసినవాళ్లుంటే జొన్న బెండ్లతో బండి, కళ్లద్దాలు, మంచం చేయడం తాతలకు ఇంకా గుర్తుంది. వాళ్లను అడగండి. తాత చేతి కానుకకు డబ్బులు అక్కర్లేదు, ఆయనకు ఆ పూట పని దొరికినట్టూ ఉంటుంది. పదేళ్లు దాటినవాళ్లకు అటక మీది పాత సైకిల్ దింపి, టైరు ట్యూబు మార్పించి, బెల్లు బిగించి ఇవ్వొచ్చు. ఇది 307 రూపాయలు దాటొచ్చు. కానీ బడికి నడిచిపోయే పిల్లకు అదొక్కటే మూడేళ్ల కానుక.

ఇంకో కానుక ఉంది, పట్నంవాళ్లకు తోచనిది. కోడిపిల్ల. అక్షరాలా ఒక పెంపుడు కోడిపిల్లను పిల్ల పేరున ఇవ్వడం. “ఇది నీది బిడ్డా, దీని గింజలు, దీని గూడు నీ బాధ్యత” అని చెప్పడం. అది పెట్టయి గుడ్లు పెడితే గుడ్లు పిల్లవే, పొదిగితే పిల్లలూ ఆమెవే. లెక్క రాయడానికి ఒక చిన్న నోట్‌బుక్ కూడా ఇవ్వండి. ఒక్కటే షరతు. ఆ కోడిని చుట్టాలొచ్చినప్పుడు కోయొద్దు. పిల్లకిచ్చిన మాట మీద ఇంట్లో పెద్దలు నిలబడకపోతే కానుక ఇవ్వకపోవడమే నయం.

పుస్తకం, పలక, పోస్టుకార్డు

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. నోట్‌బుక్కులు, పెన్సిళ్లు, చెక్కుడు మరలు, రబ్బర్లు, క్రేయాన్లు, మ్యాపులు, గ్లోబుల మీద ఇప్పుడు పన్ను లేదు. దుకాణంలో పాత రేటు చెబితే ఈ సంగతి గుర్తు చేయండి. క్రేయాన్లు ఒక పెట్టె, గీతల్లేని తెల్ల నోట్‌బుక్కు ఒకటి ఇస్తే ఐదారేళ్ల పిల్ల సంక్రాంతి దాకా వేరే ఏమీ అడగదు. గీతల పుస్తకం ఇవ్వకండి, అది బడి పనిలా కనబడుతుంది. ఇంటి గోడ మీద పిల్ల ఎత్తుకు సరిపడా రెండు చదరపు అడుగులు నల్లరంగు వేసి, రంగు సుద్దముక్కలు ఇచ్చినా అంతే సంబరం.

పుస్తకాల విషయంలో మన పల్లెలకు పెద్ద లోటు ఉంది. మండల కేంద్రాల్లో పుస్తకాల దుకాణమంటే గైడ్లు, నోట్‌బుక్కులే. కథల పుస్తకం కనబడదు. అలాగని తెలుగులో చౌకగా మంచి పిల్లల పుస్తకాలు లేవని కాదు. నేషనల్ బుక్ ట్రస్ట్ 1957 నుంచీ ఉంది, దాని నెహ్రూ బాల పుస్తకాలయం బొమ్మల పుస్తకాలు తెలుగులోనూ వస్తాయి. హైదరాబాద్‌లోని మంచి పుస్తకం సంస్థ పిల్లల కోసమే పుస్తకాలు వేస్తోంది. ఒకప్పుడు సోవియట్ దేశం నుంచి చవకగా వచ్చి మన ఇళ్లలో చేరిన రష్యన్ పిల్లల కథలను కూడా మళ్లీ అచ్చువేసింది. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఫోనులో ఉచితంగా చదవొచ్చు. డిసెంబరులో హైదరాబాద్‌లో పుస్తక ప్రదర్శన జరుగుతుంది. మన ఊరి నుంచి ఎవరో ఒకరు ఈ నెలలో పట్నం వెళ్లకుండా ఉండరు. చదువుకునే అన్నలకో, ఆస్పత్రి పనికి పోయే పక్కింటివాళ్లకో వంద రూపాయలిచ్చి రెండు పుస్తకాలు తెమ్మని చెప్పండి. తెప్పించుకోవాలంటే పదిమంది కలిసి ఒక్కసారే తెప్పించుకోండి. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఎత్తేశాక, ఒక్క చిన్న పుస్తకానికి పంపే ఖర్చు పుస్తకం ధరను మించిపోయే వీలుంది. ఆ సేవ ఎత్తేయడం సరైన నిర్ణయం కాదు. పల్లె పిల్లలకు పుస్తకం చేరే చౌక దారి ఒకటి మూసుకుపోయింది.

గురుకులాల్లో, హాస్టళ్లలో ఉండే పిల్లల సంగతి వేరే. తెలంగాణలో క్రిస్మస్‌కు డిసెంబరు 25, 26 రెండు రోజులే సెలవు. దూరపు గురుకులంలో ఉన్న పిల్ల ఈ రెండు రోజుల కోసం బస్సు ఛార్జీలు పెట్టుకుని రాలేకపోవచ్చు. ఆ పిల్లకు అర్ధ రూపాయి కానుక ఉంది. పోస్టుకార్డు ధర ఇంకా 50 పైసలే. అందులో ఇంట్లో అందరూ తలో రెండు వాక్యాలు రాయండి. రాయడం రాని అవ్వ ఒక పువ్వు గీసినా సరే. నాలుగు రోజులు ముందు డబ్బాలో వేయండి. ఫోనులో మాట్లాడిన మాట అప్పుడే అయిపోతుంది. కార్డయితే పెట్టెలో బట్టల కింద దాచుకుని మళ్లీ మళ్లీ చదువుకోవడానికి ఉంటుంది.

సంఘంగా చేస్తే

ఒక్కో ఇల్లు విడిగా చేసేదానికంటే చర్చి సంఘం కలిసి చేస్తే ఇదే డబ్బు ఎక్కువ దూరం వెళ్తుంది. మన ప్రాంతానికి ఇది కొత్తేమీ కాదు. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్‌కు 1912 డిసెంబరులో వి.ఎస్. అజరయ్య బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయన కింద ఉన్న సంఘాల్లో చాలామంది కూలీలు, కౌలు రైతులు. ఆ ఇళ్ల ఆడవాళ్లు అన్నం వండేటప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టేవాళ్లు. వాటిని పోగుచేసి చర్చికి ఇచ్చేవాళ్లు. పైసలు లేనివాళ్లు కోడినిచ్చారు, గుడ్లిచ్చారు, ధాన్యమిచ్చారు. పెద్ద దాతలు వస్తారని ఎదురుచూడకుండా, లేనివాళ్ల పిడికిళ్లతోనే సంఘం నడిచింది.

ఆ పిడికెడు బియ్యం పద్ధతిని పిల్లల కానుకలకు వాడుకోవచ్చు. సండే స్కూలు పిల్లలు ముప్పైమంది ఉన్నారనుకోండి. ఒక్కో పిల్లకు ఇరవై రూపాయల చొప్పున వేసుకుంటే ఆరు వందలు. ఆ డబ్బుతో ముప్పై చిన్న ప్లాస్టిక్ బొమ్మలు కొనొచ్చు, లేదా ఒక క్యారమ్ బోర్డు, రెండు తాడాట తాళ్లు, రెండు బంతులు, పది కథల పుస్తకాలు కొనే ప్రయత్నం చేయొచ్చు. నేనైతే రెండోదే ఎంచుకుంటాను. వాటిని చర్చిలో ఒక పెట్టెలో పెట్టి వారానికొకటి ఇంటికి తీసుకెళ్లనివ్వాలి. పేరు, తేదీ రాసే పని ఏడో తరగతి పిల్లలు చేస్తారు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో 1935లో, మాంద్యం రోజుల్లో, ఇలాంటిదే మొదలైంది. ఒక దుకాణం నుంచి పిల్లలు చిన్న చిన్న సామాన్లు ఎత్తుకెళ్తున్నారని, అవి బొమ్మలు చేసుకోవడానికేనని తెలిసింది. వాళ్లను శిక్షించకుండా, బొమ్మలు అరువిచ్చే కేంద్రం పెట్టారు. గ్రంథాలయంలా బొమ్మ తీసుకెళ్లి, ఆడుకుని, తిరిగి ఇవ్వడం. ఆ కౌంటీలో అది ఇప్పటికీ నడుస్తోంది. మన చర్చి పెట్టెలోని బొమ్మ తీసుకెళ్లడానికి ఎవరి పిల్లలన్నది చూడొద్దు. చర్చికి రాని ఇళ్ల పిల్లలు కూడా క్యారల్స్ వెనక పరుగెత్తి వచ్చినవాళ్లే. బోనాలకు, బతుకమ్మకు, పీర్ల పండుగకు కలిసే ఆడుకున్నవాళ్లు.

ప్రభుత్వం సంగతి కూడా ఒక మాట చెప్పాలి. తెలంగాణ వచ్చాక పేద క్రైస్తవ కుటుంబాలకు క్రిస్మస్ కానుకగా బట్టల ప్యాకెట్లు పంచారు. చీర, చుడీదార్, ప్యాంటు చొక్కా బట్ట. పెద్దవాళ్లకు బట్ట అవసరమే, కాదనను. కానీ పండుగ ఎవరి పుట్టుక కోసమో ఆ పసివాడి వయసు పిల్లలకు ఆ సంచిలో ఏమీ ఉండేది కాదు. వాటిలో ఒక్క బొమ్మల పుస్తకం, ఒక క్రేయాన్ల పెట్టె చేర్చి ఉంటే ఖర్చు పెద్దగా పెరిగేది కాదు. ప్రభుత్వం ఇలాంటి కానుక ఎప్పుడిచ్చినా ఇది గుర్తుంచుకోవాలి.

ఇక డబ్బు ఆలస్యమైన ఇళ్ల కోసం. డోర్నకల్ కథీడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. గుమ్మటాలు, రాతి స్తంభాలతో గుడినీ మసీదునూ కలిపి తలపించే ఆ చర్చి పేరు ఎపిఫనీ కథీడ్రల్. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని చూసి వచ్చి పసిబిడ్డకు బంగారం, సాంబ్రాణి, బోళం ఇచ్చినదాన్ని తలచుకునే పండుగ ఎపిఫనీ. అది జనవరి 6నే. స్పెయిన్‌లో, లాటిన్ అమెరికా దేశాల్లో చాలాచోట్ల పిల్లలు కానుకల కోసం ఎదురుచూసేది ఆ రోజుకే. కాబట్టి ఇరవై ఐదో తారీఖుకు పత్తి డబ్బు పడకపోతే అప్పు చేయకండి. “జ్ఞానులు వచ్చే రోజు ఇస్తా” అని పిల్లకు చెప్పి, ఆ రోజు ఇవ్వండి. పండుగ దాటాక దుకాణాల్లో రేట్లు కూడా కొంత దిగుతాయి. పిల్ల ఆలస్యాన్ని మన్నిస్తుంది, ఇచ్చిన మాట తప్పితేనే మన్నించదు.

చర్చి పెద్దలకు, సండే స్కూలు టీచర్లకు ఒక మనవి. జనవరి 6కు ముందు వచ్చే ఆదివారం, ఆరాధన అయ్యాక బొమ్మల పెట్టె తెరవండి. ప్రతి ఇంటి నుంచీ పిల్లలు ఆడటం మానేసిన ఒక మంచి వస్తువు, చదివేసిన ఒక పుస్తకం తెమ్మని ఇవాళే ప్రకటన చేయండి. పెట్టెకు తాళం వేస్తే తాళంచెవి పెద్దల దగ్గర కాకుండా పిల్లల్లో ఒకరి దగ్గర ఉంచండి.